పది వేళ్ల హాజరు

ఒకప్పుడు నేను పదిమంది మనుషులను. గొప్పకు చెప్పుకోవడం కాదు, సౌదీలోని అభాలో మా కంపెనీ హాజరు మిషనును అడిగినా అదే చెప్పేది. కుడి బొటనవేలు నేను. దాని పక్క వేలు మల్లాపూర్ గంగారాం. మధ్యవేలు ఇబ్రహీంపట్నం గంగారాం. అలా సాగి సాగి ఎడమచేతి ఉంగరపు వేలు దగ్గరికి వస్తే అది పోశెట్టి కాక. పొద్దున్నే స్టోరు గది తాళం తీసి, హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆడించేవాడిలా ఆ గాజుబిళ్ల మీద ఒక్కొక్క వేలూ ఆనించేవాణ్ని. వేలు వేలుకూ మిషను ఆడగొంతుతో ‘షుక్రన్’ అనేది. పది థాంక్సులు పుచ్చుకుని చాయ్ తాగడానికి వెళ్లేవాణ్ని. మెట్‌పల్లి బజారులో తాతల నాటి నుంచి కొట్లు పెట్టుకుని బతుకుతున్న మా ఇంట్లో, ఒకే సరుకును పదిమందికి అమ్మి ఎవరికీ దొరక్కుండా బయటపడ్డది నేనొక్కణ్నే. ఇంతకంటే తెలివైన పని నా జన్మలో చేయలేదు. ఇంతకంటే తెలివితక్కువ పనీ చేయలేదు.

ఇన్నాళ్లకు ఇది కదలడానికి కారణం ఒక బీడీల అవ్వ. ఇప్పుడు మా కొట్టుకు రేషన్ డీలరు బోర్డు కూడా ఉంది, బల్ల మీద వేలిముద్ర మిషను ఉంది. మొన్న బియ్యానికి వచ్చిన అవ్వ వేళ్లు ఏండ్ల తరబడి తునికాకును చుట్టీ చుట్టీ నున్నగా అయిపోయాయి. తడిగుడ్డతో తుడిపించి, కొబ్బరినూనె రాయించి, ఒక్కొక్క వేలే పెట్టించాను. మిషను ఒప్పుకోలేదు. అవ్వ విసుక్కోలేదు. నా మొహంలోకి చూసి, “నేను నేనే గదా బిడ్డా, నువ్వు జెప్పరాదు దానికి” అంది. నేను గోనెసంచుల వైపు తిరిగి నిలబడ్డాను. మనిషి ఎదురుగా ఉన్నా లేదనే మిషను ఇది. మనిషి లేకపోయినా ఉన్నాడని చెప్పే మిషనుతో నేను కాపురం చేసిన రోజులు ఆ సాయంత్రమంతా నన్ను వదల్లేదు.

సౌదీ అనగానే మా బజారువాళ్లకు ఇసుక, ఎండ కనిపిస్తాయి. అభా కొండమీది ఊరు. పొద్దున లేస్తే ఎదుటి మంచం కనిపించనంత మంచు గదిలోకే వచ్చి కూర్చునేది. ఆరని కంబళ్ల ముక్కిన వాసన, నేల కడిగే బ్లీచు ఘాటు, ఆ రెంటినీ కప్పేస్తూ చింతపండు పులుసు మరిగే వాసన. ఆ మూడూ కలిస్తే మా క్యాంపు. పార్కులు ఊడ్వడం, బడుల్లో మరుగుదొడ్లు కడగడం, చెత్త బస్తాలు కట్టి రోడ్డు పక్కన పెట్టడం మా కంపెనీ పని. కట్టిన బస్తాలను కొండముచ్చుల లాంటి పెద్ద కోతులు వచ్చి చింపి పారేసేవి, మళ్లీ కట్టేవాళ్లం. పోశెట్టి కాక తన రొట్టెలో ఒక తుంపు రోజూ గోడమీద పెట్టేవాడు. ఎందుకు కాకా వాటికి అంటే, “ఈ దేశంల ఇఖామా లేకుంట తిరుగుతున్నయి. మొక్కద్దా మరి” అనేవాడు. ఇఖామా అంటే మేము ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే కార్డు. అది చెల్లకపోతే ఆసుపత్రి లేదు, బస్సు లేదు, ఇంటికి పోయే దారీ లేదు.

కాకది రాయికల్ దగ్గర పల్లె. మా గదిలో అందరికంటే పెద్దవాడు. వంట ఎవరి వంతైనా ఉప్పు చూసేది ఆయనే. స్నానం చేశాక చల్లారిన డికాక్షన్ చాయ్‌లో గుడ్డ ముంచి రెండు కండ్లూ అద్దుకునేవాడు. అప్పటికే ఎడమ కంట్లో పొగ కమ్ముతోంది. ఆయన తాత ఊళ్లో దొర దగ్గర జీతం ఉన్నాడట, తీరని బాకీ కింద. దొర పిలిచినప్పుడల్లా ఆ తాతకు చెవుడు వచ్చేదట. నాగలి కట్టమంటే పలుపు తెగేదట, బావి తోడమంటే నడుం పట్టేదట. “దొర కొట్టి కొట్టి అలిసెటోడు గని, మా తాత చెవుడు మాత్రం కుదరలే” అని కాక నవ్వేవాడు. ఆ చెవుడు వారసత్వంగా మా క్యాంపుకు వచ్చింది. మేనేజరును అక్కడ ముదీర్ అంటారు. మా ముదీర్ పరాయి దేశపువాడే, మాలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే, కానీ కఫీల్ తర్వాత కఫీల్. కఫీల్ అంటే మా వీసాకు యజమాని, మా పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలో ఉండేవి. ముదీర్ అదనపు పని చెబితే గదంతా కాక వైపు చూసేది. కాక మెల్లగా తల గోక్కుని “మాలూమ్ నై” అనేవాడు. ఇన్నేండ్లుగా ఆ దేశంలో ఉండి గొడ్డళ్ల నుంచి గోళీల దాకా అన్నిటికీ అరబ్బీ పేర్లు తెలిసిన మనిషి, ‘చీపురు’ అనే మాట మొదటిసారి విన్నట్టు నిలబడేవాడు. ఒకసారి నేను అడిగాను, తాతకూ నీకూ ఏం తేడా కాకా అని. “మా తాత రాత్రికి రాత్రి పక్క ఊరికి ఉరికిండు. మనకు పక్క ఊరు సముద్రం అవుతల ఉంది” అన్నాడు.

నన్ను వాళ్లు ‘సావుకారి’ అనేవాళ్లు. మా బజారు పుట్టుక తెలిసి వెక్కిరింపుగా మొదలుపెట్టారు, తర్వాత అదే పేరైంది. నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడికలూ వచ్చని ముదీర్ నన్ను స్టోరులో కూర్చోబెట్టాడు. నా చేతులకు బ్లీచు తగల్లేదు. ఆ సంగతి గుర్తు పెట్టుకోవాలి, కథంతా దాని మీదే నడిచింది.

మిషను రాకముందు హాజరు పేర్లతో పిలిచేవారు. మా జిల్లాలో ఇంటికో గంగారాం. మా క్యాంపులో నలుగురు. అరబ్బీలో గకారం లేదు, అందుకని ముదీర్ జంజరామ్ అనేవాడు. ఒకసారి అన్నా నాలుగుసార్లు అన్నా ఎవడో ఒకడు ‘హాజిర్’ అనేవాడు. దాంతో నలుగురిలో ఒకడికి రోజూ సెలవు. గంగారాం సెలవు అని దానికి పేరే పడింది. అది చూసి ఓర్వలేక రాజం, నర్సయ్య కూడా మేమూ జంజరాములమే అని మొదలుపెట్టారు. ఒకనాడు పొద్దున ముదీర్ పిలుపుకు ఏడుగురు పలికేసరికి ఆట ముగిసింది. వారం తిరక్కుండా వేలిముద్ర మిషను వచ్చింది.

అందరి వేళ్లూ సాయంత్రానికల్లా ఎక్కించాలని ముదీర్ నాకు అప్పగించి పోయాడు. సగంమంది వేళ్లకు గీతలే లేవు, బ్లీచు తినేసింది. మిషను ఎర్రగా వెలిగి కుయ్యిమనేది. ముదీర్ వచ్చి అరుస్తాడనే భయంతో మల్లాపూర్ గంగారాం పేరు కింద నా చూపుడు వేలు పెట్టి చూశాను. ‘షుక్రన్’ అంది. అప్పుడు కాక, “ఈ దేశంల మనకు షుక్రన్ జెప్పింది గిదొక్కటే” అన్నాడు. ఆ సాయంత్రానికి నా పది వేళ్లూ నిండిపోయాయి.

ఇక చూడండి నా దర్జా. తొమ్మిదిమంది ప్రాణాలు నా గోళ్ల కింద. జ్వరమొస్తే పడుకునేవాడు, పక్క ఊరు ఖమీస్‌కు పోయి చాటుగా రంగుల పని చేసుకునేవాడు, ఊరికే కంబళి కప్పుకుని మంచును చూస్తూ కూర్చునేవాడు. పని ఎక్కడెక్కడో పార్కుల్లో, అక్కడ ఎవరున్నారో లెక్కచూసే నాథుడు లేడు. నేను పైసలు తీసుకోలేదు, అంత నీచుణ్ని కాదు. నా వంట వంతు పోయింది, నా బట్టలు ఎవడో ఉతికేవాడు, శుక్రవారం కోడికూరలో కాలు నాకొచ్చేది. “ఏం సావుకారీ, ఇయ్యాల నన్ను పనికి తోలినవా, పండవెట్టినవా?” అని గంగారాం అడిగితే, “నీ వేలికి గోరుచుట్టు లేచింది, పండుకో” అనేవాణ్ని. పోశెట్టి కాక ఒక్కడు ఆ వేలును సెలవుకు వాడుకోలేదు. రోజూ పనికే పోయేవాడు. ఎందుకంటే, “నాకు చెవుడు చాలు” అన్నాడు.

అప్పుడు సౌదీలో నితాఖత్ మాట తప్ప ఇంకో మాట లేదు. ఇంతమంది పరదేశీలకు ఇంతమంది సొంత దేశం వాళ్లను పనిలో పెట్టుకోవాలి, లేకపోతే కంపెనీకి ఎర్ర రంగు. ఎర్ర రంగు పడితే ఎవరి ఇఖామా రెన్యూ కాదు. మా కఫీల్ తన అత్తగారిని, బావమరదులను ఉద్యోగుల కింద చూపించాడు. మా తోటి ఉద్యోగులైన ఆ సౌదీలను మేమెవరమూ ఏనాడూ చూడలేదు. లేని మనుషులను ఉన్నట్టు చూపడంలో పైవాళ్లూ కిందివాళ్లూ ఒకే వ్యాపారంలో ఉన్నామన్నమాట. ఆ తర్వాత పరదేశి ఒక్కొక్కడి మీద నెలనెలా పన్ను వచ్చింది. కఫీల్ కట్టలేదు. ఇఖామాలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. జీతాలు ముందు ఆలస్యమయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. ఊరికి పోతామంటే ముదీర్ ‘బుక్రా’ అనేవాడు, రేపు అని. ఆ రేపు ఎన్ని నెలలైనా రాలేదు.

కాక కుడి కన్నుకూ పొగ పట్టింది. పార్కులో మెట్టు కనపడక పడ్డాడు. ఆసుపత్రిలో కార్డు చూసి బయటికి పంపారు. గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తర్వాత, “కండ్లు ఉండంగనే ఇంటికి పోవాలె సావుకారీ. పోయినంక ఏం జూద్దామని పోవుడు” అన్నాడు. రాజవ్వ, అంటే ఆయన భార్య, ఫోన్లో కరీంనగర్ డాక్టరు పేరు చెప్పింది. చూపు ఇంకా మిగిలుంటే బాగుచేస్తాడట.

ఆ రోజుల్లోనే సర్కారు మాఫీ ప్రకటించింది. కఫీల్ వదిలేసినవాళ్లు, కాగితాలు చచ్చినవాళ్లు జిద్దాలో అర్జీ పెట్టుకుంటే శిక్ష లేకుండా ఇంటికి పంపుతారు. అభాలో పెడితే మా కఫీల్ మాటే చెల్లుతుంది, అందుకని జిద్దా. కానీ క్యాంపు వదిలితే ముదీర్ హురూబ్ రాయిస్తాడు. పారిపోయాడు అని రాయడాన్ని హురూబ్ అంటారు. అది పడ్డవాడు దొంగ కింద లెక్క. మాఫీ లేదు, జైలు ఉంది, ఇన్నేండ్ల సర్వీసు మీద రావలసింది గంగలో కలుస్తుంది. “నువ్వు పో కాకా. నా ఉంగరపు వేలుంది. అర్జీ పాసయ్యేదాక ఇక్కడ నువ్వు రోజూ పనిలో ఉంటవు” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత పొగరుందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కూరగాయల లారీ నడిపే కడప ఖాదర్ భాయ్‌ని పట్టుకున్నాను. “యాడ దించాల? చెక్‌పోస్టు కాడ నన్నడిగితే నేనేం జెప్పాల సామీ?” అని గొణిగాడు. కాకను చూశాక మెత్తబడ్డాడు. “టమోటా పెట్టెల నడుమ కూచోబెడతాలే. దారంతా దగ్గాకుండా ఉండమని జెప్పు” అన్నాడు. కాక దగ్గలేదు. జిద్దాలో ఖాదర్ భాయ్ చుట్టాల గదిలో చేరాడు.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. “బిడ్డా, నేను అభాల పనిచేస్తున్ననట.” నాకు అర్థం కాలేదు. “ఆఫీసరు మన కంపెనీకి ఫోన్ కొట్టిండు. ఆ మనిషి ఈడనే ఉన్నడు, ఇయ్యాల పొద్దున గూడ హాజరైండు, అన్నడట ముదీర్. నా కార్డు జూపిస్తె, గిది ఎవనిది దొంగిలిచ్చినవ్ అంటున్నరు” అని కాక మెల్లగా చెప్పాడు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. కాక కాకే అని చెప్పేది ఆ చచ్చిన కార్డు ఒక్కటే. కాక కాదని చెప్పేది నా వేలు.

నేను కంగారు పడలేదు, బేరగాణ్ని కదా. పాత బియ్యం వదిలించుకోవాలంటే మా నాయిన ముందు తనే దాన్ని తిట్టేవాడు. ముదీర్ గదికి పోయి కాకను అలాగే తిట్టాను. ముసలోడు, కండ్లు లేవు, పని చేతకాదు, తిండి దండగ, వాడి మీద నెలనెలా పన్ను బాకీ పెరుగుతోంది, దేశం దాటే ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపేస్తే నీకే లాభం అని అరబ్బీ ఉర్దూ కలిపిన మా క్యాంపు భాషలో చెప్పాను. ముదీర్ కంప్యూటరు నా వైపు తిప్పాడు. “ఇతనా? ఏడాదిలో ఒక్క నాగా లేదు. ఒక్క నిమిషం ఆలస్యం లేదు. ఇంకెవరినైనా పంపుతాను, ఇతన్ని పంపను” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “జిద్దాలో ఎవడో ఇతని పేరు చెప్పుకుని తిరుగుతున్నాడు, జాగ్రత్త. రేపు ఇతన్ని నాకు ఒకసారి చూపించు” అన్నాడు. మర్నాడు మల్లాపూర్ గంగారాంకు కాక టోపీ పెట్టి నిలబెట్టాను. మా మొహాలు ఎన్నడూ గుర్తుపెట్టుకోని ముదీర్ భుజం తట్టి, ‘పోశెట్టి కొయిస్, మంచివాడు’ అని ఒక కొత్త కంబళి బహుమతి ఇచ్చాడు. గంగారాం గదికొచ్చి కంబళి కాక మంచం మీద పడేసి, నవ్వబోయి, నవ్వలేక బయటికి పోయాడు.

ఆ సాయంత్రమే కాక ఫోన్‌లో అన్నాడు. “నన్ను తీసెయ్ బిడ్డా. మిషన్ల నేనున్నన్ని దినాలు ఈడ నేను లేను.”

“హురూబ్ పడ్తది కాకా. జైల్ల ఏస్తరు.”

“ఏసినోడు పంపుతడు గద. పట్టుకున్నోన్నన్న ఇంటికి తోలుతరు.”

“సర్వీసు పైసలన్ని పోతయి. ఓపిక పట్టు, ముదీర్‌తోని ఇంకోపారి మాట్లాడ్త. దారికొస్తున్నడు.”

ముదీర్ దారికి రావడం లేదు. బేరం పోయిందని ఒప్పుకోవడం నాకు చేతకాదు, అంతే. ఇంకో కారణం కూడా ఉంది. ఏడాదిగా ఒక్క నాగా లేని మనిషి ఒక్కసారి మాయమైతే మిషను మీద అనుమానం రాదా, మిగతా ఎనిమిదిమంది బతుకు ఏమవుతుంది అని గదిలో చర్చ పెట్టాను. “కాక సంగతి కాక చూస్కుంటడు, మన వేళ్ల ముచ్చట బయటవడితె మన సంగతేంది” అని రాజం అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేను ఆ మాట కోసమే చర్చ పెట్టానేమో. రంజాన్ వచ్చింది. పగలంతా ఊరు నిద్రపోయేది, మేము దాహం దాచుకుని చీపుర్లు పట్టేవాళ్లం. నేను రోజూ ఉంగరపు వేలు ఆనించేవాణ్ని. రోజూ అది షుక్రన్ అనేది. కాక రెండు రోజులకోసారి ఫోన్ చేసి అదే మాట అడిగేవాడు. ఒకసారి మాత్రం, “ఇయ్యాల ఖాదర్ భాయ్ మొఖం గుర్తువట్టలే, గొంతు వింటేనే తెలిసింది” అన్నాడు. ఆ తర్వాత కూడా నేను వేలు పెట్టాను.

పండుగ సెలవులు దాటాక ఒక పొద్దున తొమ్మిది వేళ్లు ఆనించి, ఉంగరపు వేలు మడిచి, బయటికి వచ్చేశాను. అంతే పని. నాలుగో రోజుకు ముదీర్ హురూబ్ రాయించాడు. నేను స్టోరులో కూర్చుంటే వచ్చి, “చూశావా నా మిషను. ఇన్నాళ్లూ ఉన్నాడు, పారిపోయిన రోజే పట్టేసింది” అని పొంగిపోయాడు. ఎవరి మీదా ఏ అనుమానమూ రాలేదు. మేము ఇన్నాళ్లూ భయపడ్డది ఏదీ జరగలేదు. కాక తన కాళ్లతో తనే పోలీసుల దగ్గరికి పోయి నిలబడ్డాడు. పంపేసేవాళ్లను ఉంచే జైలును తర్హీల్ అంటారు. అందులో కొన్ని వారాలు నేల మీద పడుకుని, కట్టుబట్టలతో ఇంటికి చేరాడు.

నేను ఆ కంపెనీ మూతపడ్డాకే రాగలిగాను. వచ్చిన వారంలోనే రాయికల్ పోయాను. కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడుకు తల తిప్పాడు, కానీ మొహం నాకు కొంచెం పక్కగా ఆగింది. రాజవ్వ చాయ్ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. “డాక్టరు జూసిండు. ఇంకింత ముందుగాల తెస్తె ఒక్క కన్నన్న దక్కుతుండె అన్నడు” అంది. ఏడుస్తూ చెప్పలేదు, పక్కింటి సంగతిలా చెప్పింది. నేను గ్లాసు కింద పెట్టి, దారిలో కూడుకుంటూ వచ్చిన లెక్క మొదలుపెట్టాను. ఆసుపత్రికి పోనీకుండా, ఎగ్జిట్ ఇవ్వకుండా తిప్పిన నెలలు కఫీల్‌వి. తర్హీల్‌లో పడేసిన వారాలు సర్కారువి. “మిగిలింది నాది కాకా. నువ్వు తీసెయ్ అన్నంక గూడ నేను పెట్టిన. ఒక నెల నాది.”

కాక చాయ్ ఒక గుక్క తాగాడు. “నెలనా?”

“ఆ, నెల.”

“రంజాన్ పట్టకముందుగాల జెప్పిన గద నేను. నువ్వు తీసింది పండుగైనంక. పండుగకు ఆఫీసులన్ని బందు వెట్టిరి. ఆ దినాలు గూడ గీ లెక్కలనే ఏసుకోవాలె.” గొంతులో కోపం లేదు. తూకం తక్కువైందని చెప్పే గిరాకీ గొంతు అది, మా కొట్టులో పుట్టినప్పటి నుంచి విన్నదే. సెలవులు నా చేతిలో లేవు కదా కాకా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“నెలన్నర కాకా” అన్నాను.

“ఆ” అన్నాడు. “గిప్పుడు సరిపోయింది.”